పక్క కుర్చీలోని ఆంటీ

ఆంటీ పోయిన కబురు తెలిసిన పొద్దున నేను ఏడుస్తూంటే, మా ఇంట్లోవాళ్ళు అది భయం అనుకున్నారు. "ఊరుకో చిన్నా, నీకేం కాదు" అంది గుంటూరు నుంచి అమ్మ ఫోన్‌లో. "ఆవిడ వయసేంటి, నీ వయసేంటి. ఆవిడతో నువ్వు పోల్చుకుంటావేంటే" అంది నోయిడాలో ఉండే మా అక్క. నా గురించి నేను ఏడవడం లేదనీ, ఒక మనిషి పోయిందని ఏడుస్తున్నాననీ చెప్పడానికి నోరు తెరిచేలోపే అమ్మ రెండో మాట కూడా అనేసింది. "ఆ మందే తీసుకుపోయింది ఆవిణ్ణి. నువ్వింక దాని జోలికి పోవద్దు. నాన్న టికెట్ చూస్తున్నారు, ఇంటికొచ్చెయ్."

మావాళ్ళు నన్ను అపార్థం చేసుకోవడం ఆ పొద్దున మొదలైంది కాదు. డిగ్రీలో చేరిన సబ్జెక్టు మధ్యలో మార్చాను. ఢిల్లీ వచ్చి జియా సరాయ్‌లో కోచింగ్‌కి చేరి, అదీ వదిలేసి సాకేత్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం పట్టుకున్నాను. కాబట్టి ఇంట్లో నాకొక పేరుంది, కుదురు లేనిదని. ఒకసారి ఆ పేరు పడ్డాక ఇక ఒంట్లో ఏం జరిగినా దాని కిందికే వెళ్తుంది. నీరసంగా ఉందంటే బద్ధకం. కీళ్ళనొప్పులంటే పరీక్ష తప్పించుకునే సాకు. ముక్కులోంచి రక్తం వస్తోందంటే ఢిల్లీ గాలి. స్టెరాయిడ్లతో మొహం గుమ్మడికాయలా ఉబ్బితే, వీడియో కాల్‌లో చూసి "పర్లేదే, ఒళ్ళు చేశావు, బానే తింటున్నావన్నమాట" అని అమ్మ సంతోషపడింది.

ఆంటీ గురించి చెప్పాలంటే ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. నా మాటని సాకుగా కాక మాటగా విన్న మొదటి మనిషి ఆవిడ. మేం కలిసిన మొదటి రోజు ఆవిడ విన్నది నేను బయటికి చెప్పని మాట.

ఆంటీ నాకు చుట్టం కాదు. ఢిల్లీలో ఉండే మనవాళ్ళకి అత్తయ్యలూ పిన్నులూ ఫోన్‌లో ఉంటారు, ఎదురుగా కనిపించేవాళ్ళందరూ ఆంటీలే. ఈ ఆంటీది కడప జిల్లా. అంకుల్ సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యాక పాలం వైపు చిన్న ఇల్లు కొనుక్కుని ఇద్దరూ ఇక్కడే ఉండిపోయారు. పిల్లల్లేరు. ఆ సంగతి పరిచయమైన కాసేపటికే ఆవిడే చెప్పేసింది, తర్వాత నేను అడగాలా వద్దా అని ఇబ్బంది పడకుండా.

మా ఇద్దర్నీ కలిపింది జబ్బు. ఒంట్లోని అతి సన్నని రక్తనాళాలు వాచిపోయే జబ్బు అది. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే మన మీద తిరగబడుతుంది. ముక్కులో, ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో దెబ్బ తీస్తుంది. ఎంతో అరుదు అంటారు. అరుదైన జబ్బుతో వచ్చే పెద్ద కష్టమేమిటంటే, అది మామూలు జబ్బుల వేషాలన్నీ వేసుకుని వస్తుంది. నాకు ముందు జలుబులా వచ్చింది. ముక్కులో నెత్తురు పొక్కులు కట్టేవి. చెవులు దిబ్బడేసేవి. ఒక వారం మోకాలు, ఇంకో వారం మణికట్టు. పిక్కల మీద ఎర్రని చుక్కలు లేస్తే, నా రూమ్మేట్ నల్లులనుకుని పరుపు తీసుకెళ్ళి మేడమీద ఎండలో పడేసింది. ముక్కు డాక్టరు సైనస్ అన్నాడు, ఎముకల డాక్టరు విటమిన్ తక్కువన్నాడు. చివరికి ఒకరోజు ఆఫీసుకు వెళ్తూ మెట్రోలో దగ్గితే, అడ్డం పెట్టుకున్న చున్నీ ఎర్రగా తడిసింది. ఎదుటి సీటులో పెద్దాయన లేచి నన్ను కూర్చోబెట్టాడు. ఆ తర్వాత అంతా ఆసుపత్రే. మూత్రపిండాలు కూడా దెబ్బతింటున్నాయని అక్కడే తెలిసింది.

స్టెరాయిడ్లతో పాటు యాంటీబాడీ మందు ఎక్కించాలన్నారు డాక్టరుగారు. సెలైన్‌లా డ్రిప్ పెట్టి నెమ్మదిగా ఎక్కిస్తారు. మొదటిసారి దాదాపు పగలంతా పడుతుంది. పెద్ద ప్రభుత్వాసుపత్రిలో పొడుగాటి గది, గోడ వెంబడి వెనక్కి వాలే కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో స్టాండు. పాప క్రెష్‌లో ఉందని అక్క నన్ను గేటు దగ్గర దింపి వెళ్ళిపోయింది. జ్వరం బిళ్ళ ఇచ్చారు, అలర్జీ రాకుండా ఇంజక్షన్ చేశారు, డ్రిప్ మొదలుపెట్టారు. మలయాళీ నర్సు హిందీలో స్పష్టంగా చెప్పింది: దురద, చలి, ఆయాసం ఏది వచ్చినా వెంటనే పిలువు. నేను తలూపాను.

కాసేపటికి డ్రిప్ వేగం పెంచారు. మరి కాసేపటికి గొంతు లోపల దురద మొదలైంది. బయటి నుంచి గోక్కోవడానికి వీల్లేని చోట, చీమ పాకుతున్నట్టు. నేను చెప్పలేదు.

అంత చదువుకున్నదాన్ని ఎందుకు చెప్పలేదంటే జవాబు చాలా మామూలుగా ఉంటుంది. నర్సు అటువైపు ఎవరికో సూది దొరక్క తంటాలు పడుతోంది. ఆమెని పిలిచి "గొంతు దురదగా ఉంది" అనడం నాకే వేషాల్లా అనిపించింది. "మొదలెట్టిందిరా బాబూ" అనే మాట నా చెవుల్లో ఇంటి గొంతుతోనే వినిపించింది. కొన్నాళ్ళు ఎవరూ నమ్మకపోతే మనిషి తన ఒంటిని తనే నమ్మడం మానేస్తుంది. నేను మింగుతూ కూర్చున్నాను.

"పాపా, తెలుగేనా?"

పక్క కుర్చీలో ఉందావిడ. బయట మే నెల ఎండ. ఈవిడ కోతిటోపీ పెట్టుకుని, కాళ్ళకి మేజోళ్ళు వేసుకుని, మిలిటరీ దుప్పటి కప్పుకుని ఉంది. అవునన్నాను.

"పొద్దున మీ అమ్మతో మాట్లాడ్తాంటే విన్న్యాలే. ఆ గుటకలేంది, ఊరికే మింగుతాండావు?"

"ఏం లేదాంటీ."

"ఏం లేకపోతే మెడ అట్ల ఎందుకు సాగదీస్తాండావు? కోడి మాదిరి."

నాకు నవ్వు రాబోయి దగ్గు వచ్చింది. దగ్గు ఆగలేదు. ఆవిడ తన డ్రిప్ ఉన్న చెయ్యి కదపకుండా రెండో చేత్తో స్టాండుని స్టీలు గ్లాసుతో టంగుటంగుమని కొట్టింది. "సిస్టర్, ఇస్ కా డ్రిప్ రోకో. గలే మే ఖుజలీ హై, లడ్కీ బోల్ నహీ రహీ."

నేను దాచిన గొంతు దురద సంగతి ఆవిడే చెప్పేసింది. నర్సు పరిగెత్తుకొచ్చి డ్రిప్ ఆపేసింది. అప్పటికే నాకు ఛాతీ బిగపట్టింది, పెదాలు వాస్తున్నాయి. ఆక్సిజన్ పెట్టారు, ఇంజక్షన్లు చేశారు, డాక్టరుగారు వచ్చి తల దగ్గర నిలబడ్డారు. అంతా సర్దుకున్నాక మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి బాగా నెమ్మదిగా. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఎవరూ నాకు విడమర్చి చెప్పలేదు. నర్సు మొహం చూస్తే చాలు.

ఆంటీ మాత్రం సాయంత్రం దాకా నన్ను తిడుతూనే ఉంది. కోపంగా తిట్టలేదు. మధ్యమధ్యలో కునుకు తీసి, లేచి, ఆపిన చోటి నుంచి అందుకునేది.

"మర్యాద చుట్టాలకి చూపియ్యి. మందుకు ఎందుకు?"

"నర్సుకి పని ఉందని చెప్పలేదాంటీ."

"ఆమె పనే నువ్వు. ఇంగ ఏం పని?" కాసేపు కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి, "నువ్వు చెప్పకపోతే మందు తప్పనుకుంటారు. చెప్తే, వేగం తప్పని తెలుస్తాది. నెమ్మదిగా ఎక్కిచ్చుకుంటే అదే మందు. అర్థమాయనా?" అంది.

అర్థమైంది. ఆవిడ డ్రిప్ గురించే చెప్పింది. నేను మాత్రం చాలా విషయాలకి అర్థం చేసుకున్నాను.

ఆవిడకి అదే జబ్బు వచ్చి అప్పటికే ఏళ్ళయింది. అంకుల్ పోస్టింగ్ ఎక్కడో సరిహద్దు వైపున్నప్పుడు ముదిరిందట. మిలిటరీ ఆసుపత్రుల్లో చేరి, ఒక ఊపిరితిత్తి సగం పాడయ్యాక ప్రాణాలతో బయటపడింది. మందు వల్ల జబ్బు అణిగింది. తిరగబెట్టకుండా ఆరునెలలకోసారి వచ్చి ఎక్కించుకుంటోంది. కొత్త నర్సు ఎవరైనా వస్తే తన జబ్బు పేరు ఇంగ్లీషులో ఆసాంతం చెప్పేది, పూజలో సంకల్పం చెప్పినంత ధారాళంగా. చెప్పి, వాళ్ళ మొహంలో ఆశ్చర్యం వచ్చేదాకా ఆగి చూసేది. పదో తరగతి పాసైన మనిషినని తనే గుర్తుచేసి మరీ నవ్వేది.

డాక్టరుగారు నాకు బొమ్మలు గీసి చెప్పినదాన్ని ఆంటీ తన లెక్కలో మళ్ళీ చెప్పింది. "మన సెంట్రీలకే మతిపోయి మన బ్యారకుల మీద కాలుస్తాండారు అనుకో. స్టెరాయిడ్ ఏం చేస్తాదంటే అందర్నీ తన్ని మూలన కూచోబెడ్తాది, మంచోడూ లేదు చెడ్డోడూ లేదు. ఈ మందు అట్ల కాదు. ఏ ప్లటూన్ ఆర్డరు తప్పు రాస్తాండాదో దాన్నే పట్టి ఇంటికి పంపిస్తాది. కొన్ని నెలలకి కొత్త భర్తీ వస్తాది. ఆ కొత్తోళ్ళకు పాత పిచ్చి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అందుకే మళ్ళ మళ్ళ ఎక్కిచ్చుకునేది."

"మరి కొత్తవాళ్ళు వచ్చేదాకా?"

"గేటు కాడ మనుషులు తక్కువ. నువ్వే కాపలా కాసుకోవల్ల."

ఆ చివరి మాట ఆవిడ నా దగ్గర దాచలేదు, తేలిక చెయ్యనూ లేదు. అందుకే ఇవాళ ఆ మందు నన్ను మోసం చేసిందని నేను అనలేకపోతున్నాను.

మందులో కొంత భాగం ఎలుక నుంచి వచ్చిందని నేనెక్కడో చదివి చెప్తే ఆవిడ తలెత్తి తన డ్రిప్ సీసా వైపు చూసింది. శాకాహారి కాదుగానీ, ఎలుక అంటే ఎవరికైనా రోత ఉంటుంది కదా అనుకున్నాను. చూపు దించి అంది: "ఇన్నేండ్లూ వినాయకునికే మొక్కుతాంటి. కింద కూచున్నదాన్ని చూడనే లేదు. ఈసారి చవితికి దానికి ఇంకో ఉండ్రాయి ఎక్కువ పెడ్తా." పెట్టింది కూడా. ఫోటో తీసి పంపింది. పిండి ఎలుక ముందు, దాని కంటే పెద్ద ఉండ్రాయి.

ఆ మొదటి రోజు సాయంత్రం వెళ్ళేటప్పుడు, "నీ తర్వాతి తారీకు చెప్పు, నాదీ అదే దినం పెట్టిచ్చుకుంటా" అంది. అప్పట్నుంచీ ఎక్కించుకున్న ప్రతిసారీ పక్కపక్క కుర్చీలే. కుదరకపోతే నర్సుతో వాదించి కుదుర్చుకునేది. ఏసీ చల్లదనానికి నా కోసం ఇంకో జత మేజోళ్ళు తెచ్చేది. మూత్రపిండాల కోసం ఉప్పు తగ్గించమన్నారు కాబట్టి ఇద్దరికీ చప్పటి పెరుగన్నం కలుపుకొచ్చి, దానిమ్మ గింజలు చల్లి, "ఊరగాయ ఉన్నట్ల అనుకోని తిను" అనేది. నేను అనుకోలేకపోయేదాన్ని. ఆవిడా అనుకోలేకపోయేది. ఇద్దరం ఆవకాయ గురించి మాట్లాడుకుంటూ పెరుగన్నం తినేవాళ్ళం.

నా మొహం ఉబ్బినప్పుడు ఆఫీసులో ఫోటోలు తీసే రోజు నేను సెలవు పెట్టానని తెలిసి, ఫోన్‌లో తన పాత ఫోటో వెతికి చూపించింది. ఆ ఫోటోలో ఆవిడ కళ్ళు బుగ్గల మధ్య గీతల్లా ఉన్నాయి. "మీ అంకుల్ లీవులో వచ్చి తలుపు తీస్తానే చూసి, ఎవరో పెద్దాఫీసరు భార్య అనుకోని సెల్యూట్ కొట్టినాడు" అంది. గది బయట బెంచీ మీద పేపరు చదువుకుంటున్న అంకుల్, తల ఎత్తకుండానే, "ఝూట్, అబద్ధం" అన్నారు.

ఆవిడ కాపలా కాసుకోవడం ఎలా ఉండేదో నేను వాళ్ళింట్లో చూశాను. అక్కడ తెలుగు మిలిటరీ కుటుంబాలు చాలా ఉన్నాయి. మనకి ఒక అలవాటుంది. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే పళ్ళు పట్టుకుని, పిల్లల్ని వెంటేసుకుని, పలకరించడానికి వెళ్తాం. వెళ్ళకపోతే తప్పు. వెళ్ళి మంచం పక్కన కూర్చోకపోతే ఇంకా తప్పు. ఈ మందు ఎక్కించుకున్నవాళ్ళకి అదే ప్రమాదం. పలకరించడానికి వచ్చేవాళ్ళ దగ్గూ జలుబూ ఆవిడ ఊపిరితిత్తికి చాలు. రావద్దంటే గర్వమంటారు. ఆంటీ రావద్దనలేదు. పలకరింపులన్నీ మేడమీదికి మార్చేసింది. నీళ్ళట్యాంకు నీడలో ప్లాస్టిక్ కుర్చీలు దూరందూరంగా వేయించి, మాస్కు పెట్టుకుని, చలికాలమైనా సరే అక్కడే మాటలు.

ఒక శ్రావణ శుక్రవారం పేరంటానికి నన్నూ పిలిచింది. మేడమీద పందిరేసి, తాంబూలాలు ఒక నులకమంచం మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఎవరి తాంబూలం వాళ్ళే తీసుకోవాలి. బొట్టు కూడా భరిణె తీసి ఎవరికి వాళ్ళే పెట్టుకోవాలి. ఒకావిడకి అది నచ్చలేదు.

"పేరంటానికి పిలిచి బొట్టు కూడా పెట్టకపోతే ఎట్లాంటీ? మాకేమన్నా అంటురోగాలున్నాయా?"

"మీకు లేవు తల్లీ. నాకు అంటుకోని రోగం ఉండాది, అది మీ రోగాల్ని పిలుస్తాది."

"అయితే పిలవకుండా ఉండాల్సింది."

"పిలవకుంటే నేను బతికుండి ఏం లాభం?"

ఆంటీ తేలిగ్గానే అంది ఆ మాట, శనగల పళ్ళెం సర్దుతూ. అడిగినావిడ కాసేపు ముక్కు ఎగరేసి, తర్వాత తన తాంబూలంతో పాటు పక్కింటావిడ తాంబూలం కూడా తీసుకెళ్ళి అందించింది. తర్వాత కుర్చీలన్నీ సర్దించింది కూడా ఆవిడే.

అది చూశాకే నేను మా అక్కతో మాట్లాడగలిగాను. దాని కూతురికి క్రెష్ నుంచి ఎప్పుడూ జలుబే. నేను నోయిడా వెళ్ళడం తగ్గించేసరికి, "నా కూతురు ముక్కు కారుతుందని రావడం మానేసింది మహారాణి" అని అమ్మతో అందట. ఆంటీకి చెప్తే, "పోవద్దని ఎవరన్నారు? ఇంట్లోకి పోవద్దు. పార్కుకి పిలువు" అంది. అప్పట్నుంచి అక్కా నేనూ వాళ్ళ అపార్ట్‌మెంటు కింద పార్కులో బెంచీకి ఈ చివరా ఆ చివరా కూర్చుని మాట్లాడుకుంటాం. పాప ఉయ్యాల మీంచి నాకు చెయ్యి ఊపుతుంది. అక్క ఇప్పటికీ సణుగుతుంది. సణుగుతూనే నా కోసం ఫ్లాస్కులో కాఫీ తెస్తుంది.

నా జబ్బు అణిగింది. మూత్రపిండాలు పూర్తిగా కాకపోయినా చాలావరకు కోలుకున్నాయి. స్టెరాయిడ్ తగ్గుతూ తగ్గుతూ చిన్న బిళ్ళలోకి వచ్చింది. సరోజినీ నగర్ మార్కెట్‌కి, జనం రాకముందే, దుకాణాల షట్టర్లు తీసే వేళకి ఆంటీ, నేనూ వెళ్ళి బేరమాడి కుర్తాలు కొనుక్కున్నాం. మొదటి బేరం పాడుచెయ్యొద్దు దీదీ అని దుకాణంవాడు బతిమాలితే, "మొదటి బేరం మాది, మంచిదే జరుగుతుంది భయ్యా, మేమిద్దరం చాలా గట్టోళ్ళం" అని హిందీలో చెప్పి సగానికి తీసుకుంది.

ఈ చలికాలం చివర్లో ఆవిడకి జ్వరం వచ్చింది. దాచలేదు. జ్వరం తగిలిన పూటే ఆసుపత్రికి వెళ్ళింది. టీకాలన్నీ వేయించుకునే ఉంది. అయినా న్యుమోనియా ఆ పాత దెబ్బ తిన్న ఊపిరితిత్తిని పట్టుకుని వదల్లేదు. ఐసీయూకి తీసుకెళ్ళే ముందు నాకు ఫోన్ చేసింది. ఆయాసపడుతూ, "దగ్గరికి రావద్దు పాపా, ఈడ అందరూ దగ్గుతాండారు" అంది. నేను వస్తానంటే, "వస్తే తంతా" అంది. అదే చివరి మాట. కొన్ని రోజుల తర్వాత పొద్దున్నే అంకుల్ ఫోన్. "అమ్మా, మీ ఆంటీ వెళ్ళిపోయింది" అన్నారు. ఆ వెనక ఆయన ఇంకేదో చెప్పబోయి, ఠీక్ హై, ఠీక్ హై అని తనలో తనే అనుకుంటూ పెట్టేశారు.

అమ్మ మాట నన్ను తినేస్తూనే ఉంది. ఆ మందే తీసుకుపోయిందా? ఎవరినైనా అడగాలంటే డాక్టరుగారినే అడగాలి. వెళ్ళి అడిగాను. ఆ డాక్టరమ్మ కూడా ఆంటీలాగే దాచే మనిషి కాదు.

"కావచ్చు" అన్నారు. "మందు వల్ల ఆమెకి ఇన్ఫెక్షన్లని తట్టుకునే శక్తి తగ్గింది. ఊపిరితిత్తి ముందే పాడైంది. వయసుంది. దేని వాటా ఎంతో నేను చెప్పలేను. మందు లేకపోతే ఎన్నో ఏళ్ళ కిందటే పోయేది, అది మాత్రం చెప్పగలను."

"నా సంగతి?"

"నీ రక్తపరీక్షలు బాగున్నాయి, టీకాలు పూర్తయ్యాయి. ఈ డోసు ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. తిరగబెడితే ఈసారి నీ కిడ్నీలు తట్టుకుంటాయో లేదో. వేసుకుంటే, ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. రెండూ నిజమే. నిర్ణయం నీది. ఇంట్లోవాళ్ళతో మాట్లాడాలా?"

వద్దన్నాను. మావాళ్ళకి హిందీ డాక్టరు మాట కంటే గుంటూరులో ఎవరో ఆకుమందు ఇచ్చే ఆయన మాట మీద గురి. అయినా వాళ్ళతో మాట్లాడాల్సింది నేను.

పదోరోజు కర్మకి పాలం వెళ్ళాను. ఇల్లంతా జనం. మెట్ల మీదికి కూడా చెప్పులు పేరుకున్నాయి. నేను మాస్కు పెట్టుకుని గేటు బయట, చొక్కాలు ఇస్త్రీ చేసేవాడి బండి పక్కన నిలబడ్డాను. వెళ్ళాలా వద్దా అని తేల్చుకునేలోపే అంకుల్ చూశారు. తడి పంచెతోనే బయటికి వచ్చారు.

"లోపలికి రావద్దు బేటా. ఆమె ఉంటే నన్ను తిడుతుంది" అన్నారు.

ఇద్దరం కాసేపు ఆ ఎండలో నిలబడ్డాం. ఆయన మనిషి సగమైపోయారు. ఏం తింటున్నారని అడిగితే, "ఉప్పు వేసుకుంటున్నాను" అన్నారు, తప్పు చేసినవాడిలా. ఇన్నేళ్ళూ ఆవిడతో పాటు ఆయనా చప్పటి కూడే తిన్నారని నాకు అప్పుడే తెలిసింది.

"నీ డోసు ఎప్పుడు?" అని అడిగారు కాసేపటికి. చెప్పాను. తలూపి లోపలికి వెళ్ళిపోయారు. వేసుకొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు.

ఆ సాయంత్రం అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. నాన్న టికెట్ తీసేశారు, సరిగ్గా డోసు ముందు రోజుకి.

"ఒక్క ఆర్నెల్లు మానేసి చూద్దాం చిన్నా. ఇంట్లో నా కళ్ళముందు ఉంటావు. ఏం కావాలంటే అది వండిపెడతాను."

"ఆర్నెల్లు మానేస్తే కిడ్నీలు పోవచ్చమ్మా."

"పోతాయని ఆవిడ చెప్పిందా, డాక్టరు చెప్పాడా?"

"డాక్టరుగారు చెప్పారు."

"నీకు ఆ పోయినావిడ మాటంటే వేదం. నేను తల్లిని. నాకు నీ మీద ఉండదా?"

ఉంటుంది. అమ్మకి నా మీద ఉన్నదేమిటో నాకు తెలుసు. నేను ఒంట్లో బాగాలేదన్నప్పుడు నమ్మకపోవడం, ఇప్పుడు మందు వద్దనడం, రెండూ ఒకే భయంలోంచి వచ్చాయని ఈమధ్యే తెలుస్తోంది. కూతురికి అంత పెద్ద జబ్బు ఉందని ఒప్పుకోవడం కంటే, కూతురు బద్ధకస్తురాలనుకోవడం తేలిక. ఆ మాట అమ్మతో అనలేదు. ఏడుస్తోంది. ఏడ్చి పెట్టేసేదాకా విన్నాను.

ఆంటీ నాకేమిచ్చిందని ఎవరైనా అడిగితే ప్రాణం అనొచ్చు, కానీ ఆవిడకి అంత పెద్ద మాటలు గిట్టవు. నాకు గొంతులో దురద వస్తే ఇప్పుడు గొంతులో దురద అని చెప్తాను. అలసిపోతే అలసిపోయానని ఆఫీసులో చెప్తాను. జలుబు చేసినవాళ్ళని కుర్చీ దూరం జరుపుకోమని, నవ్వుతూనే, చెప్తాను. ఇవన్నీ చిన్న మాటలు. ఇవి చెప్పలేకే నేను ఒకప్పుడు ఆ కుర్చీలో పెదాలు వాచిపోయేదాకా మింగుతూ కూర్చున్నాను.

ఆవిణ్ణి చివరిసారి చూసింది ఆసుపత్రి గేటు దగ్గర. డిసెంబరులో మామూలు పరీక్షలకి వచ్చాం ఇద్దరం. పని అయిపోయాక అంకుల్ స్కూటరు తీశారు. ఆవిడ వెనక పక్కకి తిరిగి కూర్చుని, చీర కుచ్చిళ్ళు చక్రానికి తగలకుండా ఒడిలోకి లాక్కుని, ఎండ కళ్ళలో పడుతోందని తన ఛాతీ ఎక్స్‌రే ఉన్న పెద్ద కవరుని నెత్తి మీద గొడుగులా పట్టుకుంది. సిగ్నల్ దగ్గర బస్సుల మధ్యలో స్కూటరు ఆగింది. ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. పక్కన ఆగిన ఆటోవాడితో ఏదో మాట్లాడుతోంది, వాడు నవ్వుతున్నాడు. ఆకుపచ్చ లైటు పడింది. ఆ కవరు చాలా దూరం దాకా కనిపించింది.

నాన్న తీసిన టికెట్ నేనే రద్దు చేశాను. శుక్రవారం పొద్దున ఆసుపత్రికి వెళ్తున్నాను. మందు ఎక్కించుకుంటున్నాను. అమ్మకి చెప్పాను.